గోడ దగ్గర చదివించిన కాగితం

తమ్ముడికి, ఏడాదిగా మనకి మాటల్లేవు కాబట్టి పక్కింట్లోనే ఉన్న నీకు అక్క ఇలా ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మన ఎర్రావు ఈనింది. పెయ్య దూడ! తల్లీపిల్లా కులాసా.

నిరుటిదాకా రెండేళ్లలో నా ఆవులు నాలుగు పోయాయి. ఒళ్లు కాలిపోయే జ్వరం, ముక్కు కారడం, కళ్ల మీద తెల్లటి పొర, వారం తిరక్కుండానే ప్రాణం పోవడం. నీ గొర్రెపిల్లలు ఎదిగే రోజుల్లోనే ఇలా అవుతోందని నేనంటే, "నా గొర్రెలు నిక్షేపంలా ఉన్నాయి, నువ్వే కుళ్లుబోతువి" అన్నావు. అందరూ నన్ను చూసి నవ్వారు.

నాలుగో ఆవు రక్తం పరీక్షకు పంపిన పశువుల డాక్టరు ఫలితం కాగితం తెచ్చిన రోజున, ఆయన్ని మన గోడ దగ్గర నిలబెట్టి గట్టిగా చదవమన్నాను. నువ్వు వినాలనే! ఈ జబ్బు తెచ్చే వైరస్ గొర్రెల్లో ఉంటుందట, వాటికి చిన్న తుమ్ము కూడా రాదట, ఆవుకి సోకితే మాత్రం మందే లేదట. మర్నాడే నువ్వు మందని కాలువ అవతలికి తోలుకుపోయావు.

ఈ ఏడు నీ గొర్రెపిల్లలు కాలువ అవతలే ఎదిగాయి. నా ఆవుల్లో ఒక్కటీ జబ్బు పడలేదు. గెలిచానురా!

గొర్రెల తప్పు లేదు, నీదీ లేదు, నీ నోటిదే. దూడని చూడ్డానికి రా. ఆ గొర్రెల దొడ్డి బట్టలు మార్చుకుని, కాళ్లు కడుక్కుని మరీ రా. "నేను ముందే చెప్పానా లేదా" అని ఒక్కసారి కూడా అనను. అనాల్సిందంతా ఇందులోనే అనేశాను.

నీ
కుళ్లుబోతు అక్క