ఒక ముడి ఎరుపు, రెండు ముడులు ఆకుపచ్చ

రాయచూరు,
మంగళవారం

మా అయ్యమ్మకు,

నువ్వు చంద్రబండకు, మీ అన్న అమరప్ప ఇంటికి వెళ్ళి నేటికి పదకొండు రోజులు. ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఎత్తినా నాకు మాట పెగలదని నీకు తెలుసు. అందుకే కాగితం మీద రాసి చంద్రబండ బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. బోర్డులు రాస్తూ రాస్తూ నేర్చుకున్న అక్షరాలతో ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు.

గోడ పాడైపోయింది. నగరసభవాళ్ళు మన గల్లీలో బొమ్మలు వేయమని ఇచ్చిన ఆ అరవై అడుగుల గోడే. నాట్లు వేసే ఆడవాళ్ళ బొమ్మ ఎంత బాగా కుదిరిందో నువ్వే చూశావు. నువ్వు వెళ్ళాక రంగులు నేనొక్కడినే నింపాను. నిన్న సాయంత్రం నిచ్చెన దిగి చేతులు కడుక్కుంటుంటే, ఎదురుగా పూలమ్మే రామాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఓ యంకప్పా, గీ ఆడోళ్ళేందయ్యా గిట్ల ఆకుపచ్చగయిన్రు? దయ్యాలు నాట్లేస్తున్నయా?"

పక్కనున్న కూరగాయలాయన అందుకున్నాడు. "మడంత ఎర్రగుంది సూడక్కా. మటన్ దుకాణానికి బోర్డు రాసిండేమో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను.

అయ్యమ్మా, నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెబుతున్నాను. నా కంటికి ఎరుపు, ఆకుపచ్చ వేరు కావు. రెండూ ఒకే మట్టిలా ఉంటాయి. తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ నన్ను మల్లట్‌లో మిరపతోటకు కూలికి తీసుకుపోయింది. పండుకాయలే తెంపమన్నారు. నేను పచ్చివీ పండువీ కలిపి ఒడి నింపాను. మేస్త్రీ చెంప మీద కొట్టి, అమ్మను కూడా పనిలోంచి వెళ్ళగొట్టాడు. ఆ రోజు నుంచి దాచుకున్నాను. గీత నా చేతిలో ఉంది కాబట్టి పెయింటర్‌నయ్యాను. రంగు మాత్రం దొంగతనంగా వేశాను.

ఎలాగంటావేమో. తీగ పిడి చేతిని కోస్తోందని డబ్బాలకు గుడ్డపేలికలు కట్టేదానివి. ఎర్ర డబ్బాకు ఎప్పుడూ ఒక ముడి, ఆకుపచ్చదానికి రెండు. అది నీ అలవాటని కనిపెట్టి, పెళ్ళయినప్పటి నుంచీ ఈ పద్దెనిమిదేళ్ళూ నీకు తెలియకుండా ఆ ముడులు తడిమి బతికాను. నువ్వు వెళ్ళాక నగరసభవాళ్ళు ముడుల్లేని ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చారు. తెచ్చినవాళ్ళు చెప్పినట్టు ఆకుపచ్చ ఎడమకు, ఒంటికి వేసే ఎర్రమట్టి రంగు కుడికి పెట్టుకున్నాను. ఆ రెండు రంగులూ నిన్న వేశాను. అంతకు ముందు పొద్దున్నే ఊడ్చేవాళ్ళు బకెట్లు జరిపారు. మళ్ళీ పెట్టేటప్పుడు తారుమారయ్యాయి. అంతే.

నువ్వు వెళ్ళిన రోజు ఇంజనీరు అమరేశ్ సారు ముందు తొందరలో ముడి తడమకుండా నేను చేయి చాపిన డబ్బా పక్కకు జరిపి "అది గాదు, గిది" అన్నావు. ఆయనకు అనుమానం వస్తుందేమోనని భయపడ్డాను. "రంగుల సంగతి నీకేం ఎరుక" అని అరిచి కుంచె విసిరాను. ఆమె ఎవరని ఆయన అడిగితే, డబ్బాలు మోసే మనిషి అన్నాను. తప్పు నాది. నువ్వు చెప్పిందే సరైన డబ్బా.

ఆదివారం గోడ చూడటానికి పెద్దవాళ్ళు వస్తారట. ఈ గోడ చూశాక ఈ ఊళ్ళో నాకు ఇంకో గోడ ఎవరిస్తారు? రేపు పొద్దున సున్నం కొట్టేసి కుంచెలు ఎవరికైనా ఇచ్చేస్తాను. బెంగళూరులో ఏదైనా గేటు దగ్గర కాపలా కూర్చుంటాను. అక్కడ రంగులతో పని ఉండదు. నువ్వు మీ అన్న దగ్గరే ఉండు. నాతో వచ్చి బాగుపడేది ఏమీ లేదు.

నీ,
యంకప్ప

*

చంద్రబండ,
బుధవారం

మా ఇంటాయనకు అయ్యమ్మ దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి ఏడ్చిన. రెండోసారి కోపమొచ్చింది.

నా అలవాటా? పద్దెనిమిదేండ్లు ఒక్కతీరుగ ముడేసెటందుకు నాకేమన్న పిచ్చా? పెండ్లయిన మూడో దినం నేను ఎర్ర రవిక తొడుక్కుంటే, ఆకుపచ్చ రవిక నీకు మంచిగుందే అన్నవ్. యాదుందా? నవ్వు ఆపుకోలేక వంటింట్లకు ఉరికిన. ఆ రాత్రి నీ డబ్బాలు చూసి భయమయింది. తెల్లారి పాత చీర చింపి ముడులేసిన. నువ్వు నోరు తెరిచి చెప్పినదాంక అడగొద్దని ఊకున్న. నీ అంతట నువ్వే చెప్తవని చూసిన, చెప్పకపోతివి.

నువ్వు తిట్టినవని నేను ఈడికి రాలే. తిట్లు నాకు కొత్తనా? ఆ సారు "ఎవరీమె" అంటే డబ్బాలు మోసే మనిషి అన్నవ్ చూడు, గది. పెండ్లామనన్న అనకపోతివి. రోజూ పుస్తకంల రాస్తవ్ కద, వాన పడ్డది, పన్నెండడుగులయింది, కుంచె విరిగింది అని. నువ్వు లేనప్పుడు అన్నీ తిరగేసిన. విరిగిన కుంచె ఉంది గానీ, అయ్యమ్మ అనే పేరు ఒక్క కాగితంల లేదు.

సున్నం కొట్టకు. పెద్దబ్రష్ పట్టి మడి మీద మడి రంగు, ఒంటి మీద ఒంటి రంగు తిరిగి ఏస్తే ఒక్క దినం పని. నేనొస్త. కానీ గోడ కింద నీ ఒక్కని పేరుంటే రాను. ఆ సారుకు నీ కండ్ల సంగతి నువ్వే చెప్పాలె. నేను చెప్పను. నువ్వు చెప్పినవని తెలిసినంకనే బస్సెక్కుత. ఆధార్ చూపిస్తే ఆడోళ్ళకు బస్సు ఫ్రీ కద, కార్డు కొంగుకు కట్టుకునే కూసున్న.

అయ్యమ్మ

*

రాయచూరు,
గురువారం

అయ్యమ్మా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. కానీ అప్పటికే, నిన్న పొద్దున్నే, సున్నం కొట్టేశాను. అరవై అడుగులూ తెల్లగా ఉన్నాయి. చదివి ఆ గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. చొక్కా నిండా సున్నం అయింది.

ఇవాళ అమరేశ్ సారు వచ్చి గోడ చూసి తల పట్టుకున్నాడు. నా కంటి సంగతి ఆయనకు నేనే చెప్పాను. ఎర్ర డబ్బా, ఆకుపచ్చ డబ్బా తెచ్చి ముందు పెట్టి ఏది ఏదో చెప్పమన్నాడు. చెప్పలేకపోయాను. చుట్టూ జనం ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. "మరి ఇన్నేండ్లు ఎట్ల చేసినవయ్యా?" అన్నాడు. "గీత నాది సారూ, రంగులు మా ఇంటామెవి. ఆ రోజు డబ్బాలు మోసే మనిషి అన్నది నా పెండ్లాన్నే" అన్నాను. ఆయన గోడ వైపు చూశాడు. తర్వాత "శనివారం సాయంత్రం దాంక చూస్త. గాకపోతే వేరేటోళ్ళను పెడ్త" అని వెళ్ళిపోయాడు.

గీత పోలేదు. గీతల వెంట సూదితో చిల్లులు పొడిచిన ఖాకా కాగితాలు అటక మీదే ఉన్నాయి. గోడకు ఆనించి బొగ్గుపొడి అద్దితే గంటలో బొమ్మ మళ్ళీ లేస్తుంది. గోడ కింద రెండు పేర్లకు చోటు వదిలాను. రంగు నా వల్ల కాదు. రెండు రోజుల్లో అరవై అడుగులు మనిద్దరి వల్లనైనా అవుతుందో లేదో తెలియదు. నువ్వు వస్తావో లేదో కూడా తెలియదు. పాత చీర ముక్కలు బకెట్ల పక్కన పెట్టాను. నేను ముడి వేయలేదు.

ఈరోజు పుస్తకంలో ఇలా రాశాను: "వాన లేదు. సున్నం ఆరింది. అయ్యమ్మ ఇంకా రాలేదు."

యంకప్ప