గీత దాటేదాకా

శుక్రవారం రాత్రి, తిరుపతి

సోమవారం ఏర్పేడు హైస్కూల్లో టీచరుగా చేరాలి. పగలు సోషల్ పాఠాలు, సాయంత్రం ఆటలు. ఏటా కాలేజీ వాళ్లు కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అని గుండె చేత్తో పట్టుకునే పని ఉండదు. ఇందులో నా తప్పేముంది?

కాలేజీలో నేను ఆట నేర్పే కబడ్డీ అమ్మాయిలకు మాత్రం ఇంకా చెప్పలేదు. రేపు ఫైనల్. గెలిచాక చెబుదాంలే అనుకున్నాను.

ప్రాక్టీసు కాగానే విజిల్ జేబులో వేసుకుని గబగబా బండి దగ్గరికి నడిచాను. వెనకనుంచి కెప్టెన్ రెడ్డెమ్మ కేకేసింది.

"సార్, ఏర్పేడు బడికి పోతాండారంట గదా? మా చెల్లెలు ఆడనే సదువుతాండాది. కొత్త సార్ వస్తాడని హెడ్మాస్టరు చెప్పినాడంట."

"ముందు రేపటి ఆట సంగతి చూడు," అని కసిరాను.

ఆమె కదల్లేదు. "కూతకు పోయినోళ్లు తిరిగి గీత దాటేదాకా వీపు సూపించగూడదని మీరే గదా సార్ నేర్పించినారు?"

బండి తీసుకుని వచ్చేశాను. అంటే, మళ్లీ వీపే చూపించాను.

ఆటకు ముందు మట్టి కళ్లకద్దుకుని అందరూ ఒకసారి నావైపు చూస్తారు. రేపు చూడకపోతే...