తాతగారి తుపాకి కొలతలు

ఆల్డ్‌వర్త్ దొరగారికి,

మీ తాతగారి జంట గొట్టాల తుపాకిని విప్పి శుభ్రం చేశాను. గొట్టాల లోపల అద్దంలా ఉంది. ఈ తుపాకితో ఆయన పదివేల ఫెజెంట్ పక్షుల్ని కొట్టారని మీరు క్లబ్బులో వారం వారం చెబుతూనే ఉన్నారు.

“తుపాకికున్న వెండి బిళ్ళ మీద ఆయన పేరు చెక్కు. మా చెల్లెల్ని మాత్రం ముట్టుకోనివ్వకు. ఆడవాళ్ళకి తుపాకేంటయ్యా!” అన్నారు మీరు.

మేం తుపాకిని కోటులాగా మనిషికి కొలిచి చేస్తాం. భుజానికి ఆనించే దీని కర్ర మడమ ఆరడుగుల తాతగారికి రెండంగుళాలు పొట్టి. పైగా ఎడమ భుజానికి వంచి చేసింది. ఆయనదేమో కుడిచేతివాటం. అనుమానమొచ్చి మడమ పలక ఊడదీస్తే, లోపల దీన్ని చేసిన మా తాత పెన్సిల్‌తో రాసుకున్న మాట కనిపించింది: “హెస్టర్ దొరసానికి.” అంటే మీ నాయనమ్మగారికి. తాతగారు పక్షుల్ని మోసుకొచ్చి ఉంటారు. అదీ చిన్న పనేం కాదు లెండి.

నిన్న మీ చెల్లెలు ఫిలిపాగారు వచ్చారు. వద్దంటున్నా వినకుండా ఎడమ భుజానికి ఆనించి, “నాకే కొలిచినట్టుందండీ!” అన్నారు. నిజంగానే వెంట్రుకవాసి తేడా లేదు.

ఉలి సిద్ధంగా ఉంది. బిళ్ళ మీద ఎవరి పేరు చెక్కాలో మీ చేత్తోనే రాసి పంపండి.

ఇట్లు,
మీ తుపాకుల మేస్త్రీ