పుప్పాలగూడను దాటిపోతున్న వడగళ్ళు

పుప్పాలగూడ,
2011 మే, శనివారం.

శ్రీయుత వాతావరణ సూచనల ఉపకార్యాలయాధికారి గారి సముఖమునకు, పౌరసరఫరాల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన చామర్తి పార్థసారథి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: వడగళ్ళ విషయములో మా పేటకు జరుగుచున్న అన్యాయము, తత్ఫలితముగా మా అపార్టుమెంటు మేడ రేపు ఆదివారము సెల్‌టవరు పాలు కానుండుట – గురించి.

'తమకు తెలియనిది కాదు' అని మొదలుపెట్టడం అర్జీ మర్యాద. కానీ తమకేమీ తెలియదని ఈ రెండు నెలల్లో మాకు బాగా తెలిసిపోయింది గనుక మొదటి నుంచీ విన్నవించుకొంటాను.

మాది తుని దగ్గర పల్లె. తుపాన్లు చూశాను, ఉప్పెన హెచ్చరికలకు బడిలో తలదాచుకున్నాను, వానకు ఇల్లు కూలడం చూశాను. వడగళ్ళు మాత్రం ఇంతవరకూ నా అరచేతిలో పడలేదు. ఉద్యోగం చేసినంత కాలం తీరిక లేదు. రిటైరైన మర్నాటి నుంచీ నన్ను ఎవరూ దేనికీ అడగడం లేదు. ఆకాశం ఒక్కటే రోజూ నా ముందుకు కొత్త ఫైలు తెస్తోంది. అందుచేత మా మేడమీద నాలాంటి మరికొందరితో కలిసి మబ్బుల సంఘం పెట్టుకున్నాం. మా అపార్టుమెంటులో దాన్ని పనిలేని సంఘం అంటారు. అనంతపురం నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న వినయ్ ఇందులో ముఖ్యుడు. ఆఫీసు కంప్యూటర్లో ఒక మూల ఎప్పుడూ రాడార్ బొమ్మ పెట్టుకుని కూర్చుంటాడు. "సార్, మా ఊర్లో మబ్బు కనపడితే ఫొటో తీసి పెట్టుకుంటాం" అంటాడు. నా భార్య భ్రమరాంబ ఇష్టం లేకుండానే సభ్యురాలు.

మా అపార్టుమెంటు సంఘాధ్యక్షుడు బుల్లిబాబు గారిది భీమవరం వైపు, స్థలాల వ్యాపారం. మేడమీద సెల్‌టవరు పెట్టించుకుంటే కిరాయి వస్తుందని ఆయన కోరిక. నేను అడ్డం. ఉగాది తర్వాత జరిగిన సమావేశంలో ఆయన అందరి ముందూ అన్న మాట ఇది: "సారథిగారూ, వడగళ్ళు వడగళ్ళు అని మూడుసార్లు మా కార్లన్నీ సెల్లార్‌లోకి దింపించారండి. ఈ వేసవిలో మన మేడమీద వడగళ్ళు పడ్డాయని తేలితే టవర్ మాట ఎత్తను. తేలకపోతే మేడ తాళం చెవి ఇచ్చెయ్యాలండి మరి." అందరూ నవ్వారు. నేను ఒప్పుకున్నాను. తమ బులెటిన్‌ను నమ్మి ఒప్పుకున్నాను. ఆ గడువు రేపటి సమావేశంతో సరి.

ఇక అంశములు.

1. తమ కార్యాలయము వారు ప్రతి సాయంత్రమూ 'ఒకటి రెండు చోట్ల వడగళ్ళతో కూడిన జల్లులు పడు అవకాశము కలదు' అని ప్రకటించుచున్నారు. ఆ ఒకటి ఏదో, ఆ రెండు ఏవో ఇంతవరకూ చెప్పిన పాపాన పోలేదు. పడితే 'మేము చెప్పాముగా' అనవచ్చు, పడకపోతే 'మీరు ఆ రెండింట్లో లేరు' అనవచ్చు. ఈ పద్ధతిలో జోస్యం చెప్పడానికి రాడారెందుకు, చిలక చాలును. చిలకైనా ఒక కార్డు తీసి చేతికిస్తుంది.

2. మొయినాబాద్‌లో పడ్డాయి. చేవెళ్ళలో పడ్డాయి. శంకర్‌పల్లిలో అయితే వరసపెట్టి పడ్డాయని విన్నాం. మబ్బు గండిపేట దాకా బుద్ధిగా వస్తుంది, చెరువు దాటగానే మొహం తిప్పుకుని పటాన్‌చెరువు దారి పడుతుంది. ఇంటికి రానిదాన్ని ఎదురెళ్ళి కలుద్దామని ఒకనాడు వినయ్ కారులో రెండు స్టీలు బకెట్లు, ఒక తెల్ల దుప్పటి వేసుకుని బయల్దేరాం. నార్సింగి చౌరస్తాలో తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డున పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు. కారు కదిలే దారి లేదు. మా అపార్టుమెంటు ఉన్న స్థలం ఒకప్పుడు ఎవరిదో ఆ లింగయ్య గారే అక్కడ గరిటె పట్టుకుని వడ్డిస్తున్నారు. బకెట్లు చూసి, మేము కూడా వడ్డనకు వచ్చామనుకున్నారు. కాదండీ, వడగళ్ళు పట్టుకోవడానికి వెళుతున్నామని వినయ్ నిజం చెప్పేశాడు.

లింగయ్య గరిటె ఆపారు. "ఏందీ, రాళ్ల వానకు ఎదురువోతున్నరా? సారూ, మా లొల్లి నీళ్ల కోసం. మీ లొల్లి రాళ్ల కోసమా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం మా బకెట్టు తీసుకుని దాన్నిండా పప్పుచారు పోయించి, "ఇగ జర కూసోండ్రి. బువ్వ తిని పోండ్రి. మబ్బు యాడికి పోతది" అని కూర్చోబెట్టారు. మబ్బు ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. విస్తట్లో చెయ్యి పెట్టుకుని, మా నెత్తిమీదుగా అది పోతుంటే చూస్తూ తిన్నాం. ఆ సాయంత్రం తమ బులెటిన్ 'ఒకటి రెండు చోట్ల' అనే చెప్పింది.

3. పై కారణముల వల్ల, మా పేటకు ప్రత్యేక వాతావరణ మండలము కావలెనని మా సంఘము తీర్మానించినది. రాష్ట్రములో అందరూ ప్రత్యేకము అడుగుచున్న కాలములో మా కోరిక అత్యాశ కాజాలదు. అయితే తీర్మానము టైపు చేయుచుండగానే, పక్కనున్న నార్సింగి నుంచి వచ్చి చేరిన సభ్యులు ఇద్దరు తమకు పుప్పాలగూడ పెత్తనము అక్కరలేదనీ, తమ మబ్బులు తమకు వేరుగా కావలెననీ లేచిపోయినారు. కావున ఈ అంశమును ప్రస్తుతమునకు పక్కన ఉంచగోరుచున్నాను.

4. ఇది జాగ్రత్తగా చదవవలెనని ప్రార్థన.

వడియాలు పెట్టిన రోజే వాన వస్తుందన్నది తమ రాడారు పుట్టక ముందు నుంచీ ప్రతి ఇల్లాలికీ తెలిసిన శాస్త్రం. రెండు నెలలు తమను నమ్మి చెడిన మీదట ఆ శాస్త్రాన్ని ఆశ్రయించాం. ఎర వెయ్యాలని నిర్ణయించాం. భ్రమరాంబ గుమ్మడి వడియాలు పెట్టింది. వినయ్ తల్లి పార్వతమ్మ గారు చాటలనిండా మజ్జిగ మిరపకాయలు ఆరబోశారు. బకెట్లు ఒక పక్కన, దుప్పటి ఒక పక్కన పెట్టుకుని మేమందరం నీళ్ళ ట్యాంకు నీడన కూర్చున్నాం.

పోయిన వారం శుక్రవారం మధ్యాహ్నం మబ్బు గండిపేట దాటింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. తిన్నగా మా మీదికే వచ్చింది. గాలి చల్లబడింది, మట్టివాసన కొట్టింది. వినయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు పెద్ద పెద్ద చినుకులు నాలుగు టపుక్కుమని పడ్డాయి.

అయ్యా, అప్పుడు మేమేం చేశామో తమకు చెప్పకుండా ఉంటే బాగుండును.

"ఏవండీ, వడియాలు!" అని భ్రమరాంబ కేక పెట్టింది. అంతే. నలభై ఏళ్ళ కాపురంలో ఆ కేకకు నేను ఆగిన రోజు లేదు. వడియాల చీర రెండు కొసలు నేను పట్టుకున్నాను, రెండు కొసలు ఆవిడ పట్టుకుంది. రాడారు పండితుడు వినయ్ మిరపకాయల చాట నెత్తిన పెట్టుకుని పరుగు. "ఒరే నాయనా, ఆ మూలవీ ఎత్తురా!" అని పార్వతమ్మ గారు. అందరం మెట్ల మీదికి వచ్చి పడ్డాం. గాలికి వడియాలు ఎగురుతున్నాయని ఎవరో తలుపు గడియ పెట్టారు. నేనే పెట్టి ఉంటాను.

అప్పుడు తలుపు మీద దడదడమని మొదలైంది. ఎవరో గుప్పిళ్ళతో గులకరాళ్ళు విసిరినట్టు. మేమందరం వడియాలు గుండెలకు హత్తుకుని మెట్లమీద నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "సార్, ఇది వాన చప్పుడు కాదు" అన్నాడు వినయ్. నిజానికి అప్పుడైనా తలుపు తీయవచ్చు. కానీ చేతుల్లో వడియాలున్నాయి. చెప్పులు నడిచే మెట్లమీద వడియాలు ఎలా పెడతాం? మడి గాకపోయినా శుభ్రమన్నది ఉంటుంది కదా! కిందికి దిగి, మా హాల్లో చాప పరిచి, వడియాలు పోసి, ఫ్యాను వేసి, మళ్ళీ పైకి పరుగెత్తేసరికి ఎండ కాస్తోంది. మేడ ఆవిర్లు కక్కుతోంది. ఆ మేడమీద గచ్చు ఎంత కాలుతుందో తమకేం తెలుసు, తమరు ఏసీ గదిలో కూర్చుంటారు. నేను మోకాళ్ళమీద కూర్చుని ట్యాంకు కిందా, తూము దగ్గరా వెతికాను. చేతికి తడి తగిలింది. అంతకు మించి ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. అర్జీలో ఈ మాట రాయకూడదని తెలుసు.

వడియం ఒక్కటి కూడా తడవలేదని భ్రమరాంబ మెల్లిగా చెప్పింది.

5. పెళ్ళికి ఊరు వెళ్ళి తిరిగివచ్చిన బుల్లిబాబు గారు, "చూసినవాళ్ళెవరండీ?" అని అడిగినారు. విన్నాము అని చెప్పితిమి. "వినడాలు చెల్లవండి. ఆఫీసువాళ్ళ చేత చెప్పించండి" అన్నారు. అందుచేత తమ కార్యాలయమునకు వచ్చితిని. ఆ శుక్రవారము నాటి తమ రికార్డులో, నగరమునకు పడమటి ప్రాంతములందు వాతావరణము పొడిగా ఉండెను అని ఉన్నది. పొడి! మా మెట్లమీద నిలబడి వినవలసింది ఆ పొడి చప్పుడు. తమ గుమాస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మా రికార్డులో లేనిది పడనట్టేనండి" అని సెలవిచ్చినారు. రెండు నెలలపాటు పడనివాటిని పడతాయన్నారు. పడ్డవాటిని పడలేదంటున్నారు. ఈ నైపుణ్యమునకు ప్రభుత్వము వారు జీతముతో పాటు శాలువ కూడా ఇవ్వవలసి ఉన్నది.

6. ఆ శుక్రవారము మా ఎదురుగా ఉన్న తన పాకలో గేదెలను కట్టివేయుచున్న లింగయ్య గారు వడగళ్ళను కళ్ళారా చూసినారు. సాక్షి సంతకము అడిగితిని. ఆలోచించి చెప్తానన్నారు.

కావున, ఆ రికార్డును సరిదిద్ది, పుప్పాలగూడలో వడగళ్ళు పడినవని ఒక్క వాక్యము రాసి, తమ ముద్ర వేసి ఇప్పించినచో, మా మేడ మాకు మిగులును. ఆ మేడ తప్ప నాకు రోజూ పోవలసిన చోటు ఇంకొకటి లేదు. నమ్మకము లేకపోయినను, అలవాటు కొద్దీ ప్రార్థించుచున్నాను. ఓపిక ఉన్నచో చిత్తగించవలెను.

తమ విధేయుడు (వేరే మాట దొరకక),
చామర్తి పార్థసారథి

తా.క. ఈరోజు సోమవారం. పై అర్జీ శనివారం సాయంత్రమే తమకు చేరవలసింది. తీసుకుని బయల్దేరబోతుంటే, సంతకం పెడతానని లింగయ్య వచ్చారు. వెంట శంకర్‌పల్లి దగ్గర మామిడితోట చేసుకుంటున్న వాళ్ళక్క కొమురమ్మ గారు.

లింగయ్యకు అర్జీ చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "రాళ్లు పడ్డయి సారూ. నా కండ్లతోటి చూసిన. సంతకం పెడ్త. కానీ గదే దినం మా అక్క తోట మీద గూడ పడ్డయి. కాయంత రాలింది. తాసీల్దారు దగ్గర్కి పోతే, ఆ దినం రాళ్లే పడలేదని మబ్బులాఫీసోళ్లు రాసిండ్రు, పైసలెట్లిస్తం అంటున్నడు. మేం పోయి చెప్తే ఎవరింటరు? మీకు గిట్ల రాసుడు ఎరుక. జర ఆమెది రాయుండ్రి" అన్నారు.

కొమురమ్మ గారు కొంగులోంచి ఒక కాయ తీసి నా బల్ల మీద పెట్టారు. బంగినపల్లి. ఒక పక్క రూపాయి బిళ్ళంత లోతున దిగబడి, నల్లబడి ఉంది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. ఎంత సైజు ఉంటుందోనని నేను రెండు నెలలు కలలు కన్న వడగల్లు, ఆవిడ తోట మీద కాయకాయకీ గుర్తు వేసి పోయింది.

"రాళ్ల వాన రావాలని చూసెటోళ్లు గూడ ఉంటరా సారూ?" అని ఆవిడ అడిగారు. కోపంగా కాదు. తెలుసుకుందామని అడిగారు. భ్రమరాంబ మంచినీళ్ళ నెపంతో లోపలికి వెళ్ళిపోయింది. నేను కొత్త కాగితం ఒకటి తీసుకున్నాను.

మేడ, వడియాలు, సెల్‌టవరు ఉన్న కాగితంలో ఆవిడ తోట చేరిస్తే తమరు నవ్వి పక్కన పడేస్తారు. తమ సంగతి నాకు తెలుసు. నేనూ ఆఫీసులోనే పనిచేశాను. అందువల్ల రెండూ కలిపి అడగలేను. నిన్నటి సమావేశంలో తాళం చెవి బుల్లిబాబు గారికి ఇచ్చేశాను. పై అర్జీలో నాలుగో అంశం, లింగయ్య సాక్ష్యం తప్ప తక్కినదంతా కొట్టివేసినట్టు భావించండి. ఆ శుక్రవారం పడమట వడగళ్ళు పడ్డాయనడానికి ఆ రెండూ రుజువులు. కొమురమ్మ గారి అర్జీ వేరుగా రాసి దీనికి పైన గుచ్చాను. అందులో అంశాలు లేవు. తోట ఎక్కడో, ఎన్ని చెట్లో, ఏ రోజో అంతే ఉంది.

జతపరచినది: మామిడికాయ ఒకటి. వాతావరణం పొడిగా ఉన్న రోజున దానికి ఆ దెబ్బ ఎలా తగిలిందో నాకు చెప్పనక్కరలేదు. ఆవిడకు చెప్పండి. పొద్దుటి నుంచీ మీ వరండాలోనే కూర్చుని ఉన్నారు.