నన్నడిగే పని నా ఆడపడుచుకు

కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములు బిగిస్తూ జీవితం గడిపి, 'స్క్రూలమ్మ' అన్న పేరు తెచ్చుకున్న నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నాకున్నది మోటార్ న్యూరాన్ జబ్బు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. చేతులు పోయాయి, మాట ముద్దయింది, బుర్ర మాత్రం భేషుగ్గా ఉంది. నా మాట ఇప్పుడు నా భర్త చెల్లెలికి ఒక్కదానికే అర్థమవుతుంది. ఆమె విని చెప్పగా లాయరుగారు రాసి, ప్రతి వాక్యం నాకు చదివి వినిపించారు. అవునంటే కనుబొమ్మలు ఎగరేశాను, కాదంటే కళ్ళు మూసుకున్నాను. లాయరుగారి భాష నచ్చక చాలాసార్లు మూసుకున్నాను.

1. నా స్వార్జితంతో కొన్న ఇంటి సగభాగంలో నా భర్త బతికున్నంతకాలం ఉండవచ్చు. అమ్మే హక్కు లేదు. ఆయన తదనంతరం అది నా ఆడపడుచుకు సర్వహక్కులతో చెందుతుంది. ఆయన చదువుకునే కళ్ళజోడు ఎప్పుడు పోయినా ముందు ఫ్రిజ్ మీద వెతుక్కోవాలి.

2. నా సొరుగులోని చిన్న స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు దుకాణం యజమానికి. స్క్రూలు నా వేళ్ళలోంచి జారిపోవడం మొదలైనప్పుడు, కొనేవాళ్ళు చూడకుండా ఆయనే కింద కూర్చుని ఏరేవారు. పైకి లేచి నడుం పట్టుకుని నన్నే తిట్టేవారు.

3. ఈ అంశంలో ఇచ్చేదేమీ లేదు, చెప్పేదే ఉంది. ముప్పై ఎనిమిదో ఏట గడ్డలున్నాయని నాకు గర్భసంచి తీశారు. అదొక్కటే తీశారనుకున్నాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒళ్ళంతా సెగలు, నిద్ర లేదు, ఊరికే ఏడుపు. నన్ను పెంచిన మా అక్క నర్సు. "ఆపరేషన్ అయిన ఆడవాళ్ళందరికీ ఇంతేనే" అంది. నా భర్త ఫ్యాను పెంచి, "నీకసలే కోపమెక్కువ" అన్నాడు. నమ్మాను. పోయిన ఏడాది నరాల డాక్టరమ్మ నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగి, స్కాన్ చూసి, "అండాశయాలు కూడా తీసేశారుగా, హార్మోన్ మాత్రలేమైనా వాడారా?" అంది. తీసేశారనే నాకు తెలియదు. నా పక్కన కూర్చున్న ఇద్దరికీ తెలుసు. నా భర్త నేల చూశాడు. అక్క నా శాలువా సర్దింది.

ఆపరేషన్ మధ్యలో సర్జన్ బయటికొచ్చి అండాశయాల సంగతి అడిగితే, నా భర్త అక్క వైపు చూశాడట. "అవీ తీసేయండి" అందట అక్క. మా అమ్మ అండాశయాల క్యాన్సర్‌తోనే పోయింది. అక్క భయం నాకు అర్థమవుతుంది. ముందే అడిగి ఉంటే నేనూ తీసేయమనేదాన్నేమో. పోనీ, తెలివొచ్చాకైనా చెప్పొచ్చుగా? ఆ సెగలకు మాత్రలైనా వాడేదాన్ని. అండాశయాల్లో తయారయ్యే ఆడ హార్మోన్లు ఈ నరాలకు కాస్త కాపు కాస్తాయేమోనని పరిశోధనలు జరుగుతున్నాయట, ఇంకా ఏదీ తేలలేదట. నా జబ్బు అందువల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాబట్టి వాళ్ళు నాకు జబ్బు తెచ్చారని రాయించడం లేదు. నా ఒంట్లో ఏముందో ఏం లేదో నాకు తప్ప వాళ్ళిద్దరికీ తెలిసి, ఇన్నేళ్ళు నాతో కలిసి భోంచేశారు. అది మోసం. అలాగే రాయమన్నాను.

4. రేపు ఊపిరి అందనప్పుడు గొంతుకు గొట్టం వేయాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. నా తరఫున చెప్పే అధికారం భర్తకూ లేదు, అక్కకూ లేదు. అది ఆడపడుచుది. అందుకు వేరే పత్రం కూడా రాయించాను. పెళ్ళైననాటి నుంచీ మేమిద్దరం ఉప్పూ నిప్పూ. నా వంటకు, నడకకు, నవ్వుకు ఆమె వంక పెట్టింది. కానీ నా మొహం మీదే పెట్టింది. ఇప్పుడు "తలగడ జరపనా వదినా?" అని అడిగి, నా కనుబొమ్మ లేచేదాకా చెయ్యి వేయదు. గొట్టం సంగతీ అలాగే అడగాలి. నాకు స్పృహ లేకపోతే వేయొద్దు. నా ఆకుపచ్చ శాలువా కూడా ఆమెకే. దాని మీద ఎప్పుడో కన్నేసిందని నాకు తెలుసు.

5. నేను పోయాక నా మెదడు, వెన్నుపాము ఈ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు. నా అండాశయాలు ఏ వయసులో తీసేశారో కూడా వాళ్ళకు చెప్పాలి. దీనికి నన్నే అడిగారు. ఒప్పుకున్నాను.

6. అమ్మ దువ్వెన అక్కకు. అమ్మ పోయాక అక్క దాంతోనే నాకు జడలు వేసేది. చిక్కు తీసేటప్పుడు "నొప్పెడుతోందా?" అని అడిగేది. ఈ ఒక్క అంశం మాత్రం నేను బతికుండగానే, ఈ వారమే అక్కకు చదివి వినిపించాలని లాయరుగారిని కోరుతున్నాను.

అక్కా, రోజూ వచ్చి కాళ్ళు పడుతున్నావు. "మా చెల్లి మనసు వెన్న, ఎప్పుడో క్షమించేసింది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నావు. గోడ అవతలే ఉన్నాను, నాకు వినబడుతుంది. అది కూడా నా బదులు నువ్వే చెప్పేస్తున్నావు. లోపలికొచ్చి నన్నడుగు. కనుబొమ్మలు ఎగరేస్తానో, కళ్ళు మూసుకుంటానో నాకే తెలియదు. అవి కదులుతుండగానే రా.

ఆగస్టు పన్నెండు, సోమవారం ఉదయం.

స్క్రూలమ్మ వేలిముద్ర (నన్నడిగాకే వేయించారు)

సాక్షులు: నరాల డాక్టరమ్మ, పక్కింటి లెక్కల మాస్టారు