గొట్టంలో చుట్ట

తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేతులకు బొల్లి వచ్చిందని నిన్ను పనిలోంచి తీసేసిన షావుకారుకి, నువ్వు ఇంట్లో చుట్టిన చుట్టలే, ఖరీదైన చుట్టలు వచ్చే ఖాళీ రేకు గొట్టాల్లో పెట్టి ఇచ్చాను. ఎవరు చుట్టారో ముందు చెప్పలేదు. ఆయన ఒకటి వెలిగించి కళ్లు మూసుకున్నాడు.

“చూశావటయ్యా, గొట్టంలో వచ్చే సరుకు దారే వేరు! విడి చుట్టల్ని ఎవడెవడి చేతులు తడుముతాయో ఏమో.”

అప్పుడు నీ పేరు చెప్పాను. ఆయన చుట్టను నేలకేసి నలిపేసి, వెళ్లి నోరు పుక్కిలించుకు వచ్చాడు. గొట్టం వల్ల చుట్ట ఎండిపోదు, జేబులో విరగదు, అంతే. రుచి మాత్రం చుట్టినవాడిదే అన్నాను. ఆయన మిగిలిన గొట్టాలు లెక్కపెట్టాడు.

“అయితే చుట్టలు గొట్టాల్లో పెట్టి పంపమను. వాడు మాత్రం ఈ గుమ్మం తొక్కకూడదు. చుట్టేటప్పుడు చేతులకు గుడ్డ కట్టుకోమను.”

నిన్ను మళ్లీ పనిలోకి తీసుకోమని ఇక అడగలేదు. రోజూ లెక్కలు రాయడానికి నేనూ ఆ గుమ్మంలోంచే వెళ్లాలి. గొట్టాలూ, కోరా గుడ్డ ముక్కా ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

అన్నయ్య