మూడు సైట్లూ ఒక గాడిదా

కంబదూరు,
విరోధి నామ సంవత్సర కార్తీక శుద్ధ ఏకాదశి.

చిరంజీవి సౌభాగ్యవతి జయంతికి నాయన ఆశీస్సులు.

నాలుగు మాసాల యోగనిద్ర చాలించి శ్రీహరి కన్ను తెరిచే పుణ్యదినమిది. నిద్రించినది ఏదైనా మేలుకోగలదన్న నమ్మకమే ఈ పండుగకు అర్థం. ఆ నమ్మకంతోనే ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఇంట్లో అందరం క్షేమం. వాన మాత్రం ముఖం చాటేసింది. వేరుశనగ ఊడలు దిగకముందే ఎండింది.

పక్షవాతంతో మాట పడిపోయిన నా అక్కకు, మీ భద్రమ్మత్తకు, జంతువుల బొమ్మలు చూపి పేర్లు పలికించమని డాక్టరు చెప్పగా, నువ్వు కంప్యూటర్‌లో ఆ ఏర్పాటు చేసి వెళ్లావు. అడిగిన ప్రతిసారీ ఏదో ఒక జంతువు బొమ్మను ఉచితంగా పంపే సైట్లు, నీ మాటలో ఏపీఐలు, మూడు కుదిర్చి, ఏది మేలో పోల్చి వ్రాయమని పోయిన ఉత్తరంలో అడిగావు. వ్రాస్తున్నాను, విసుగు దాచను.

మొదటిది వేగంగా పంపుతుంది, కానీ పిల్లులు తప్ప మరొకటి ఎరుగదు. రెండవది కుక్కలకు స్వెట్టర్లు తొడిగి పంపుతుంది. మధ్యాహ్నానికే నేటి వాటా అయిపోయిందని తలుపు మూస్తుంది. మూడవది సకల జీవరాశినీ పంపుతుంది, కానీ ఒక్కో బొమ్మ దిగేలోపు విష్ణు సహస్రనామం సగమవుతుంది. తీరా దిగేది పెంగ్విన్.

"పుట్టినప్పట్నుంచీ ఎనుముల్నీ ఆవుల్నీ మేపిన మనిషికి ఇదేందో ఏం తెలుస్తాది మామా? నాకే తెలీదు" అని మీ వదిన మల్లీశ్వరి నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అక్క ఆ జంతువు పేరు తలచుకొనేలోగా బొమ్మ దానంతటదే మారిపోయేది. పిల్లలచేత పద్యాలు వల్లె వేయించి బ్రతికినవాణ్ణి. ఎదుట ఏదీ నిలవకుంటే నాలుకకు ఏది పట్టుబడుతుంది? అక్క గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. ఇక మాట రాదేమోనని భయపడ్డాను.

ఇంతవరకు నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతాను. మొన్న గాలికి ఇంటర్నెట్ లైను తెగింది. మూడవదాని నుంచి దిగిన ఒక బక్క గాడిద, ఏ దేశపుదో, తెరమీద అలాగే నిలిచిపోయింది. చిరాకుపడి ఆపివేయబోతే అక్క నా చేయి పట్టుకుంది. ఆ రోజు వింతగా కరెంటూ పోలేదు. సాయంత్రం దాకా దాన్నే చూసింది. చివరకు ఒక్కొక్క మాటే కూడదీసుకొని అన్నది:

"పొద్దున్నుంచీ... ఆడే ఉండాది. నీళ్లు పెట్టినారా దానికి?"

మల్లీశ్వరి నవ్వలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి తెర ముందు పెట్టింది.

లైను మరునాడే బాగయింది. గాడిద మళ్లీ మారిపోకూడదని తీగను నేనే పీకి అటకమీద దాచాను. నీ మూడింటిలో ఏది మేలో తేల్చలేకపోయాను, ఏమీ అనుకోకు. ఈసారి వచ్చేటప్పుడు మారని బొమ్మలు తెచ్చిపెట్టు. మొదట ఎనుమును పెట్టు.

నీ కడుపున పుట్టబోయేవారూ వారి బిడ్డలూ, నోరులేనిదాని దాహం అడగకముందే ఎరిగినవారై వర్ధిల్లుదురు గాక.

ఇట్లు,
మీ నాయన
రామదాసు